ఇంటి బావికి పరీక్ష యెప్పుడు?

బజారులో కుండ కొనునప్పుడు వేలితో తట్టి, మ్రోత విని గాని కొనము. ఆ కుండలో పోయు నీటిని గూర్చి మాత్రము ఎట్టి విచారణయు చేయము. "మా బావి నీళ్లు కొబ్బరినీళ్లే, తాతల నాటినుండి త్రాగుచున్నాము" అను మాట మన మొహల్లాలలో ఏ ఇంటనైనను వినవచ్చును. ఇందు తాతలయెడ గౌరవమున్నది గాని శాస్త్రము లేదని మా అభిప్రాయము.

బావి తాతల నాటిదే కావచ్చును. నీరు ఆనాటిది కాదు. నేడు నూరు గజముల స్థలములో ఇల్లు, సెప్టిక్ ట్యాంకు, బోరు మూడును ఇమిడియున్నవి. బావికిని మరుగుదొడ్డి గుంటకును నడుమ కనీసము 15 మీటర్ల దూరముండవలెనని ప్రజారోగ్య శాస్త్రము చెప్పుచున్నది. మన సందులలో అంత దూరము కొలువబోయినచో పొరుగువారి వంటయింటిలో తేలుదుము! పైగా చేదబావి యెండి బోరు దింపిన ఇండ్లలో ఇప్పుడు పైకి వచ్చునది, మన పెద్దలెన్నడును త్రాగి యెరుగని లోతులలోని రాతి పొరల నీరు.

ఆ లోతు నీటి సంగతి తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి, వంగిపోవు వ్యాధి మన దేశములో మొట్టమొదట వెల్లడియైనది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో. ఆ తరువాత నల్గొండ పేరు వినబడినది. పటికతోను సున్నముతోను ఫ్లోరైడును తగ్గించుటకు నాగపూరు పరిశోధన సంస్థ 'నీరి' వారు రూపొందించిన విధానమునకు 'నల్గొండ పద్ధతి' యనియే పేరు. ఒక జిల్లా పేరు ఇట్లు గ్రంథములకెక్కుట సంతోషింపదగిన సంగతి కాదు. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. త్రాగు నీటిలో ఉండు మోతాదులో నాలుకకు తెలియదు. పిల్లవాని పండ్లపై గోధుమరంగు చారలు కనబడునప్పటికి వాడు ఆ నీటిని ఏండ్ల తరబడి త్రాగియుండును.

"మేము కాచి త్రాగుచున్నాము గదా" అనువారు కలరు. కాచుటవలన క్రిములు నశించును. ఫ్లోరైడు గాని నైట్రేటు గాని పోదు సరిగదా, నీరు ఇగిరిన కొలది చిక్కబడును. నైట్రేటు మితిమీరిన నీటితో పాలపొడి కలిపి పట్టినచో, పసికందు రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గి, దేహము నీలివర్ణమగును. 2012 నాటి భారతీయ ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించరాదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము. వేరు నీరు దొరకనిచో 1.5 వరకు. మలసంబంధమైన క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటియు కనబడరాదు. ఈ అంకెలను కంటితో చూచి చెప్పగలవాడెవడు?

మరి పరీక్షకు వెనుకాడుటెందుకు? ఖర్చు సాకు నిలువదు. జల జీవన్ మిషన్ క్రింద ప్రభుత్వ ప్రయోగశాలలలో ప్రజలు కూడ నామమాత్రపు రుసుముతో నీటిని పరీక్షింపజేసికొను ఏర్పాటు 2021లో ప్రకటింపబడినది. అసలు కారణము వేరు: ఫలితము చెడ్డగా వచ్చినచో అద్దెకెవరు వత్తురు, ఇంటి వెల యేమగును అను భయము. అద్దెకున్నవారి బిడ్డలును ఆ నీరే త్రాగుచున్నారు. వారికా కాగితము చూపకుండుట తగదని నిర్మొగమాటముగ చెప్పుచున్నాము.

నమూనా తీయుటలోను శ్రద్ధ కావలెను. క్రిముల పరీక్షకు ప్రయోగశాలవారిచ్చు శుద్ధిచేసిన సీసానే వాడి, మంచులో ఉంచి, ఆనాడే అందజేయవలెను. లవణముల పరీక్షకు బోరును కొన్ని నిమిషములు నడిపి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ నీటితోనే తొలిచి నింపవలెను. ముందురోజు బావిలో బ్లీచింగ్ పొడి చల్లి మరునాడు నమూనా తీయుట, చీటీలు పెట్టుకొని పరీక్షకు పోవు విద్యార్థి తెలివి వంటిది. ఆ తెలివి మనలో కొందరికి కొత్త కాదు! వానాకాలములో మురుగు బావులలోనికి దిగును గనుక, ఏటేటా వానల తరువాత ఒకమారు క్రిములకు పరీక్ష చేయించుట మేలు.

కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. బి.ఎస్సీ. విద్యార్థులు నీటి కాఠిన్యమును కొలుచుట నేర్చుచున్నారు. మార్కులు పడిన పిమ్మట ఆ నీటిని తొట్టిలో పారబోయుచున్నారు. ఆ చేతులతోనే తమ ఇండ్ల బావుల నీటిని ఏల కొలువరాదు? ఫ్లోరైడును రంగునుబట్టి తెలుపు కిట్టునొకదానిని తెప్పించి, క్రిముల పరీక్షకు మాత్రము నమూనాలను ప్రభుత్వ ప్రయోగశాలకు పంపవచ్చును. ఫలితములను ఒక పుస్తకములో వ్రాసి, ఆ యింటివారికి మాత్రమే తెలుపవలెను. కమిటీవారు సమ్మతించి సొమ్ము మంజూరు చేసినచో, మొదటి సీసా మన కళాశాల ఆవరణలోని బోరు నీటితోనే నింపవలెనని కోరుచున్నాము.