పెక్కండ్రా? ఇద్దరేనా?

ఇంటర్నెట్ సరఫరా చేసే కంపెనీలకి సంఘాలున్న సంగతి మనలో చాలామందికి తెలియదు. నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది, కట్టేస్తాం. తీగ తెగితే కేబుల్ అబ్బాయికి ఫోను చేస్తాం. అంతటితో సరి. కాని ఆ వ్యాపారం చేసేవాళ్లు సర్కారుకి ఎంత చెల్లించాలో, ఏ నిబంధనల కింద తీగ మన గుమ్మందాకా రావాలో ఢిల్లీలో తేల్చేటప్పుడు ఆ అబ్బాయి అక్కడ వుండడు. అతని తరఫున సంఘం మాట్లాడుతుందని అనుకుంటాం. నిజంగా మాట్లాడుతున్నదా?

కాకతీయుల నాటి శాసనాల్లో వర్తక సంఘాలకి 'నకరం' అనీ, 'పెక్కండ్రు' అనీ పేర్లు కనిపిస్తాయి. పెక్కండ్రు అంటే చాలామంది అనే. ఎంత నిక్కచ్చి మాటో చూడండి! ఇప్పటి సంఘాలకి ఆ పేరు పెట్టాలంటే కాస్త ఆలోచించాలి.

మన దేశంలో 1998 లో ఈ వ్యాపారం ప్రైవేటు వాళ్లకి తెరిచారు. అంతకుముందు వి.ఎస్.ఎన్.ఎల్. ఒక్కటే దిక్కు. దేశమంతటికీ చెల్లే లైసెన్సులు, ఒక రాష్ట్రం మేరకు చెల్లేవి, సుమారు జిల్లాపాటి మేరకే చెల్లేవి వచ్చాయి. లైసెన్సుదారులు వందలకొద్దీ వున్నారు గాని, బ్రాడ్‌బాండ్ చందాదారుల్లో నూటికి 95 మందికి పైగా మొదటి అయిదు కంపెనీల దగ్గరే వున్నారు. ఇక సంఘంలో ఎవరి గొంతు పెద్దదో వేరే చెప్పాలా?

పోనీ, పెద్దవాళ్లయినా ఒక మాట మీద వుంటారా అంటే అదీ లేదు. సెల్యులార్ ఆపరేటర్ల సంఘం 1995 లో పుట్టింది. 2016 లో జియో రంగంలోకి దిగింది. జియో ఫోన్ల నుంచి పాత కంపెనీల ఫోన్లకి పిలుపులు కలవక జనం అవస్థపడ్డారు. జియో కూడా ఆ సంఘ సభ్యురాలే. అయినా సంఘం పాత కంపెనీల పక్షమే వాదించింది. సంఘం నియమాలు పాత ముగ్గురి మాటే నెగ్గేట్టు వున్నాయని జియో మొత్తుకుంది. ఆ అక్టోబరులో ట్రాయ్ ఎయిర్‌టెల్, వోడాఫోన్, ఐడియాల మీద మొత్తం 3,050 కోట్ల రూపాయల జరిమానాకి సిఫారసు చేసింది. తన సభ్యుల్లో ఒకరు ఫిర్యాది, ముగ్గురు ముద్దాయిలు అయినప్పుడు సంఘం ఎవరి వకాల్తా పుచ్చుకోవాలి? నన్నడిగితే, నోరు మూసుకుని కూర్చోవాలి.

మూడేళ్లకి మళ్లీ అదే కథ. 2019 అక్టోబరు 24 న సుప్రీంకోర్టు లైసెన్సు బకాయిల మీద తీర్పిచ్చింది. ఊరట కల్పించమని సంఘం ప్రభుత్వానికి లేఖ రాసింది. మా అభిప్రాయం అందేదాకా ఆగకుండా పంపారనీ, ఇద్దరు సభ్యులకి సంఘం బాకా వూదుతోందనీ జియో మండిపడింది. ఆ నిందలో నిజం లేకపోలేదు. అయితే అప్పటికే జియో కొత్త కోడలు కాదు, ఇంటికి పెద్దదిక్కు. రేపు ఎవరు ఎవరి మీద ఈ నిందే వేస్తారో!

సంఘాలు దండగ అనను. రోడ్డు తవ్వడానికి పురపాలకసంఘం అనుమతి, లైసెన్సు ఫీజు తగ్గింపు, ఇటువంటివి అందరికీ కావలసినవే. చిక్కంతా పెద్ద చేప లాభం, చిన్న చేప నష్టం ఒకటే అయిన చోట. మా వీధిలో నెట్ ఇచ్చే కుర్రవాణ్ణి ఏ సంఘంలో చేరావయ్యా అని అడిగాను. "చందాకి డబ్బుంటే ఇంకో నాలుగు వీధులకి తీగ లాగేవాణ్ణి కదండీ మేష్టారూ!" అన్నాడు.

ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 2015 లో నెట్‌ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక్కో ధర పెట్టవచ్చునా అన్న చర్చ లేచింది. పెట్టవచ్చునన్నది ఆపరేటర్ల సంఘం. కూడదని మామూలు జనం లక్షలకొద్దీ ట్రాయ్‌కి ఉత్తరాలు పంపారు. 2016 ఫిబ్రవరి 8 న ట్రాయ్ అటువంటి ధరల్ని నిషేధించింది. ట్రాయ్‌కి అభిప్రాయం ఎవరైనా పంపవచ్చు. సంఘాలు పంపేటప్పుడు మాత్రం, ఈ మాటకి ఇంతమంది సభ్యులు ఒప్పుకున్నారు, ఫలానావారు కాదన్నారు అని అడుగున ఒక్క వాక్యం రాయాలని ట్రాయ్ ఎందుకు పట్టుపట్టదో నాకు బోధపడదు.