జాగా ఆదా, జ్ఞాపకం ఖర్చు

సంఘపు పాత సంచికలు, పెండ్లి ఫొటోలు, లెక్క పుస్తకాలు కంప్యూటరులో భద్రపరచవలెనన్న మాట పుట్టినప్పటినుండి సభ్యులు మమ్ములను ఒకటే అడుగుతున్నారు: "ఒకే ఫొటో పదిమంది పంపుతారు గదా, ఒక్క ప్రతి ఉంచితే చాలదా? డిస్కు ఖర్చు మిగులునట!"

అటువంటి ఏర్పాటు ఉన్నమాట నిజమే. దాని పేరు డీడూప్లికేషన్. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2009లో తమ జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థలో దీనిని చేర్చినారు. ఫైలును మామూలుగా 128 కిలోబైట్ల తునకలు చేసి, ప్రతి తునకకు ఒక గుర్తు కట్టి పట్టికలో వ్రాసుకొంటుంది. అదే తునక మళ్లీ వస్తే వ్రాయదు. లెక్కలో ఒకటి పెంచి ఊరుకొంటుంది.

గుమాస్తాలమైన మాకిది తెలియని పని కాదు. ఒకే సర్క్యులరు ముప్పది ఫైళ్లలో కుట్టనక్కరలేదు, ఇండెక్సులో నంబరు వేస్తే సరి. అయితే ఆ ఇండెక్సు బల్లమీదే ఉండవలెను. బీరువాలో పెడితిమా, ప్రతి తపాలుకూ లేచి వెళ్లవలసినదే. సాయంత్రానికి సగం ఇన్‌వర్డు కూడ తెమలదు.

కంప్యూటరుకు బల్ల అంటే ర్యాము. పట్టికలో ఒక్కొక్క పద్దుకు సుమారు 320 బైట్లు పట్టును. ఒక టెరాబైటు సరుకుంటే, తునకలన్నీ వేర్వేరైనచో, పద్దులు 83 లక్షలు దాటుతవి. పట్టికకే రెండున్నర గిగాబైట్లు కావలెను. తునక 8 కిలోబైట్లయితే పదహారు రెట్లు, అనగా 40 గిగాబైట్లు! గిగాబైటుకింత అని లెక్క కట్టి చూడండి, డిస్కు కంటె ర్యాము ఎన్నో రెట్లు ప్రియం. బల్ల చాలక పట్టిక డిస్కు మీదికి పోతే వ్రాయుటేగాదు, చెరుపుట కూడ నత్తనడకే. వద్దని తరువాత ఆపినా, అంతకుముందు చేరిన తునకల పద్దులు పోవు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3లో పట్టికకు హద్దు పెట్టుటకు, జంటలేని పద్దులు కొట్టివేయుటకు వీలు కలిగినది, కొంత నయమే.

ఇంతా చేసి మన ఫొటోలకు ఒరిగేదెంత? వాట్సాప్‌లో కుదించబడి వచ్చిన ఫొటో కంటికి అసలుదే, బైట్లలో వేరు. ఒకే పుట రెండుసార్లు స్కాను చేసినా అంతే. ఒకే అచ్చు యంత్రవ్యవస్థలు వందలుగా దాచే కంపెనీలకు ఇది లాభం కావచ్చును. వారైనా మొదలుపెట్టక ముందే ఎంత మిగులునో అంచనా కట్టి చూపే ఆజ్ఞ జెడ్‌ఎఫ్‌ఎస్‌లోనే కలదు.

పైగా మిగిలిన ఆ ఒక్క తునక చెడితే, దానిని నమ్ముకొన్న ఫైళ్లన్నీ చెడినట్లే. కనుక సంఘానికి మా సలహా: ఆ సొమ్ముతో రెండవ డిస్కు కొని, రెండవ ప్రతి కోశాధికారి గారి ఇంట ఉంచవలెను.