కార్డు లేని బిడ్డకు టీకా వేయరా?

ప్రశ్న: మా ఇంటికి ఫర్లాంగు దూరంలో ఇటుకల బట్టీ ఉంది. కార్తీకంలో ఒడిశా నుంచి కూలీ కుటుంబాలు వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. అందులో ఒకామె పది నెలల పాపకు రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని తల్లి భయపడుతోంది. టీకాల కార్డు సొంత ఊళ్ళో ఉండిపోయిందట. కార్డు లేనిదే ఆసుపత్రిలో చూడరనీ, ఆ పిల్లలతో మన పిల్లల్ని ఆడనివ్వద్దనీ ఇరుగుపొరుగు అంటున్నారు. నన్నేం చేయమంటారు?
— ఒక గృహిణి, సంగారెడ్డి జిల్లా

జవాబు: అమ్మా! ఈ పత్రిక మీ చేతికి అందేసరికి ఆ పాప తేరుకుని ఉండాలని కోరుకుంటున్నాను. అయినా బట్టీలో రేపు మరో బిడ్డకు ఇదే రావచ్చు కనుక వివరంగా రాస్తున్నాను.

విరేచనాలలో పసిబిడ్డ ప్రాణం తీసేది చాలావరకు ఒంట్లోని నీరు, ఉప్పు హరించుకుపోవడమే. చిల్లుకుండలో నీళ్ళు పోయడం మానేస్తే చిల్లు పూడదు, కుండ ఎండిపోతుంది. ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. సగం పొట్లం గ్లాసులో కలపడం తప్పు. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైనప్పుడల్లా పావు కప్పు నుంచి అర కప్పు దాకా చెంచాతో పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా పట్టండి. కలిపిన నీళ్ళు ఒక రోజు దాటితే పారబోయండి. తల్లిపాలు మానకూడదు, మెత్తటి అన్నమూ పెట్టవచ్చు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు మాత్ర 14 రోజులు వేయాలి. విరేచనాలు కట్టే మాత్రలు మందుల షాపులో అడిగి కొని వేయకండి.

కళ్ళు లోతుకు పోయినా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇక కార్డు సంగతి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకోవడానికి ఆ ఊరివారే అయి ఉండాలన్న నియమం లేదు. ఇటుకల బట్టీలు, కట్టడాలు జరిగే చోట్లు టీకాలవారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని వెళ్ళవలసినవి. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో నాయనమ్మకో ఫోను చేయించి కార్డు ఫొటో తెప్పించండి. వేసిన టీకా వృథా కాదు. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి వేస్తారు, మళ్ళీ మొదటికి రారు. తొమ్మిది నెలలు నిండాయి కనుక తట్టు-రుబెల్లా మొదటి టీకా పడిందో లేదో ముందు విచారించండి. తట్టు వచ్చిన బిడ్డకు న్యుమోనియా రావచ్చు, కంటిచూపుకూ ముప్పు రావచ్చు.

తల్లిది అశ్రద్ధ అనుకోకండి. పశ్చిమ ఒడిశాలో నువాఖాయి పండుగ నాటికి బయానా తీసుకుని, వానలు పడేదాకా పనిచేసే కుటుంబాలివి. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. ఆసుపత్రి వరసలో అరపూట నిలబడితే ఆమేరకు కూలి పోతుంది. పైగా భాష రాదు. అందుకే ఆమెను పొమ్మనడం కాదు, మీరు వెంట వెళ్ళడమో ఆశా కార్యకర్తను బట్టీకి పిలుచుకురావడమో చేయండి. అంగన్‌వాడీలో పాప పేరు రాయిస్తే బాలామృతం కూడా ఇప్పించవచ్చు.

మీ పిల్లల మాట. విరేచనాలు పాకేది నీళ్ళద్వారా, చేతులద్వారా, ఈగలద్వారా. ఒడిశానుంచి వచ్చినందువల్ల ఏ బిడ్డా రోగి కాదు. తాగే నీరు శుభ్రంగా ఉంచి, తినేముందూ, దొడ్డికి వెళ్ళొచ్చాకా సబ్బుతో చేతులు కడిగించండి. తట్టు గాలిలో పాకుతుంది. గోడ దాన్ని ఆపలేదు, గోడకు అటూ ఇటూ ఉన్న పిల్లలందరికీ టీకా పడితేనే ఆగుతుంది. బట్టీ బిడ్డకు టీకా వేయిస్తే మీ బిడ్డనూ కాపాడుకున్నట్లే.

ఆ గుడిసెల్లో పసివాళ్ళను ఎత్తుకుని తిరిగే ఆరేడేళ్ళ అక్కలుంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బదిలీ సర్టిఫికెట్టు లేదని బడివారు వాళ్ళను చేర్చుకోకుండా ఉండరాదు. వాళ్ళచేత ఇటుకలు మోయిస్తుంటే 1098కి ఫోను చేసి చెప్పండి.

చివరగా ఒక మాట. తట్టు-రుబెల్లా రెండో టీకాకు పాప పదహారో నెలలో పడేసరికి వానాకాలం వస్తుంది, ఆ కుటుంబం ఊరికి తిరిగిపోతుంది. వాళ్ళు మూట కట్టుకునే రోజున, ఇక్కడ వేసిన టీకాలన్నీ రాసిన కార్డు ఆ మూటలో ఉందో లేదో ఒక్కసారి చూసి పంపండి.