అంగడి దీపములు - తాబేటి పిల్లలు

గంజాము జిల్లాలో ఋషికుల్యా ముఖద్వారము చెంతకు వేసవికి ముందు సముద్రపు తాబేళ్ళు గుంపులుగా వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. 2025లో ఆరు లక్షలకు మించి వచ్చినవి. శాస్త్రజ్ఞులు దీని నెరిగినది 1994లో. తీరమందలి మన తెలుగు బెస్తలకు ఇది తాతలనాటి సంగతి. దారి తప్పిన పిల్లలను బుట్టల కెత్తి నీట విడుచువారు వారే. అందు పొడంపేటవారు తమ ఊరినే కడలికోతకు కోల్పోయి వేరొకచోట ఇండ్లు కట్టుకొనిరి.

పిల్లలు దారి తప్పుట యెందుకు? రాత్రివేళ ఇసుకనుండి వెలువడి, వెలుగున్న దిక్కే సముద్రమని నడచును. ఆ వెలుగు రహదారిది, కర్మాగారములది, మన అంగళ్ళది. నిరుడు మా అంగడి బోర్డును తెల్లవార్లు వెలిగినది, చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆ విద్యుత్తులో అధికభాగము బొగ్గు కాల్చి తీసినదే. మనుష్యులు విడుచు బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవవంతును సముద్రము మ్రింగుచున్నది. దాన నీటి గుణమే మారుచున్నది. భూమి వేడెక్కి ఇసుక కాగినకొలది ఆడుపిల్లలే హెచ్చుగా పుట్టును. వేడిమి మితిమీరినచో గ్రుడ్లే చెడును.

కావున మన వర్తక సభ్యులు పిల్లలు వెలువడు వారములలో రాత్రి తొమ్మిది గంటలకు బోర్డుల నార్పవలెను. దొంగల భయమందురా? కావలిదీప మొక్కటి మరుగు కట్టి నేలవైపు త్రిప్పి యుంచుడు. తక్కిన నెలలలోను ఆర్పినచో కరెంటు బిల్లు తగ్గును. వర్తకునికి ఇంతకంటె చెప్పనేల? సమ్మతించువారు ఆదివారము సంఘ కార్యాలయమున పేర్లీయవలెను. మొదటి పేరు మాది వ్రాసితిమి.