తాతగారి యుద్ధ పతకం ఏ దస్త్రంలో ఉంది? అగ్నిమాపక సిబ్బంది వారసుల వెతుకులాట

ఢిల్లీ నైరుతి దిక్కున ఉన్న ద్వారక ఉపనగరంలో సైన్యం నుంచి, కేంద్ర ప్రభుత్వ సర్వీసుల నుంచి విరమణ పొందినవారి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో తెలుగు కుటుంబాలకూ కొదవ లేదు. ఏ ఇంట్లోనైనా గోడపై అద్దాల పెట్టెలో వరుసగా అమర్చిన పతకాలు కనిపిస్తే అవి సైనికుడివే అయి ఉంటాయని అతిథులు భావిస్తారు. చాలావరకు ఆ ఊహ నిజమే. అదే అపార్ట్‌మెంట్‌లో మరో ఇంట్లో ఖాకీ దుస్తుల్లో, తలపై హెల్మెట్‌తో నిలబడిన తాతగారి ఫొటో ఒక్కటే ఉందనుకుందాం. యుద్ధం రోజుల్లో ఆయన ఫైర్ సర్వీసులో పనిచేశారన్న మాట తప్ప కుటుంబం వద్ద వేరే ఆధారం లేదు. ఆయనకు రావలసిన పతకం ఏదైనా ఉందా? ఉంటే, ఆయన మరణించిన ఇన్నేళ్ల తర్వాత మనవడు అడిగితే ఇస్తారా?

ఈ ప్రశ్నకు ఇటీవలి సంఘటనలు కొత్త ప్రాసంగికతను తెచ్చాయి. 2025 మే 7న కేంద్ర హోం శాఖ ఆదేశాలతో దేశవ్యాప్తంగా 244 పౌర రక్షణ జిల్లాల్లో మాక్ డ్రిల్ నిర్వహించారు. 1971 తర్వాత ఈ స్థాయిలో అటువంటి విన్యాసం జరగడం అదే తొలిసారి. సైరన్లు మోగాయి, దీపాలు ఆర్పారు, ఫైరింజన్లు రోడ్డెక్కాయి. యుద్ధం వస్తే అగ్నిమాపక సిబ్బంది ముందు వరుసలో ఉంటారన్నది ఆ రోజు అందరికీ కనిపించింది. గత యుద్ధాల్లో ఆ వరుసలో నిలిచినవారిని ప్రభుత్వ దస్త్రాలు ఎలా గుర్తుపెట్టుకున్నాయన్నది మాత్రం అంతగా చర్చకు రాలేదు.

ఒకే మంట, ముగ్గురు ఫైర్‌మన్లు

సమస్య మూలం తెలియాలంటే 1965 లేదా 1971 యుద్ధకాలంలోని ఒక వైమానిక స్థావరాన్ని ఊహించుకోవాలి. రన్‌వే పక్కన మంటలు లేచాయి. వాటిని ఆర్పడానికి ముగ్గురు వచ్చారు. మొదటివాడు వైమానిక దళంలో యూనిఫాం ధరించిన ఉద్యోగి. రెండోవాడు అదే స్థావరంలో పౌర ఉద్యోగిగా నియమితుడైన ఫైర్‌మన్. మూడోవాడు పక్క ఊరి మునిసిపాలిటీ ఫైరింజన్‌తో వచ్చినవాడు. ముగ్గురూ ఒకే గొట్టం పట్టుకున్నారు, ఒకే పొగ పీల్చారు.

యాభై అరవై ఏళ్ల తర్వాత ఈ ముగ్గురి మనవలూ పతకం కోసం బయలుదేరితే వారి దారులు వేరవుతాయి. మొదటివాడి వివరాలు ఢిల్లీ కంటోన్మెంటులోని సుబ్రతో పార్కులో ఉన్న ఎయిర్ ఫోర్స్ రికార్డ్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ద్వారక నుంచి అది దూరమేమీ కాదు. సర్వీసు నంబరు తెలిస్తే చాలు, ఏ పతకానికి అర్హుడో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. రెండోవాడి సర్వీసు బుక్ పౌర ఉద్యోగుల పద్దతిలో అతడు పనిచేసిన స్థావరం లేదా దాని పై కార్యాలయం వద్ద ఉండాలి. మూడోవాడి పేరు మునిసిపాలిటీ జీతాల రిజిస్టరులో ఉండి ఉంటుంది. ఆ రిజిస్టరు ఇంకా మిగిలి ఉంటే అదే అదృష్టం.

అంటే పతకం దక్కడానికి, దక్కకపోవడానికి మధ్య గీత ప్రమాద తీవ్రతను బట్టి పడలేదు. జీతం ఏ పద్దు నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి పడింది. నిబంధనల్లో పౌరులకు తలుపులు పూర్తిగా మూసేశారనడం సరికాదు. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ ఏర్పడ్డాయి. 1971 యుద్ధానికి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ వచ్చాయి. వీటిలో సంగ్రామ్ మెడల్ పరిధి సాయుధ దళాలతో ఆగిపోలేదు. పారామిలిటరీ బలగాలు, పోలీసులు, యుద్ధ కార్యకలాపాలు సాగిన ప్రాంతాల్లో సేవలందించిన పౌరులు కూడా అందులోకి వచ్చారు. కాకపోతే ప్రతి పతకానికీ తేదీల హద్దులున్నాయి. సమర్ సేవా స్టార్‌కు 1965 ఆగస్టు 5 నుంచి 1966 జనవరి 25 వరకు, సంగ్రామ్ మెడల్‌కు 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 వరకు. ఆ తేదీల మధ్య ఆ వ్యక్తి ఎక్కడ విధుల్లో ఉన్నాడో చూపించే కాగితమే దరఖాస్తుకు ప్రాణం. సైనికుడి విషయంలో ఆ కాగితాన్ని వ్యవస్థే దాచి ఉంచుతుంది. మునిసిపల్ ఫైర్‌మన్ విషయంలో దాన్ని వెతికి తేవలసిన భారం మనవడిదే.

ఇక్కడ పేర్ల విషయంలో ఒక చిన్న హెచ్చరిక అవసరం. 1965 సెప్టెంబరు 7–8 రాత్రి పాకిస్తాన్ నౌకాదళం ఫిరంగులతో దాడి చేసిన ద్వారక గుజరాత్ తీరంలోని పుణ్యక్షేత్రం. పాత ఉత్తరంలో ‘ద్వారక డ్యూటీ’ అని కనిపిస్తే ఢిల్లీ దస్త్రాలు తిరగేయడం వృథా. ఢిల్లీ ద్వారక ఆ తర్వాతి దశాబ్దాల్లో వెలసిన ఉపనగరం.

1942 విశాఖ, 1944 బొంబాయి

తెలుగు కుటుంబాల్లో ఈ వెతుకులాట తరచూ మరింత వెనక్కి, రెండో ప్రపంచ యుద్ధానికి వెళుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. తీరప్రాంతం నుంచి జనం లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆ రోజుల్లో విమానదాడి జాగ్రత్తల వ్యవస్థలోనూ, అగ్నిమాపక పనుల్లోనూ ఉన్నవారి వారసులకు ఎదురయ్యే మొదటి చిక్కు రాష్ట్ర సరిహద్దులే. అప్పటి విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన. ప్రతి మలుపులోనూ కార్యాలయాలు మారాయి, దస్త్రాలు పంచుకున్నారు. కాబట్టి ద్వారకలో ఉంటున్న మునిమనవడు విశాఖ తాతగారి జాడ కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారం దాకా వెళ్లవలసి రావచ్చు.

ఆ యుద్ధానికి సంబంధించి బ్రిటన్‌లో ఉన్న ఏర్పాటుతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ 1941లో నేషనల్ ఫైర్ సర్వీస్ ఏర్పడింది. నిర్ణీత కాలం పనిచేసిన ఫైర్‌మన్లు డిఫెన్స్ మెడల్‌కు అర్హులని నిబంధనల్లోనే రాశారు. యుద్ధం ముగిశాక చాలామంది దరఖాస్తు చేయకుండానే మరణించినందున వారి వారసులు ఇప్పటికీ పతకాల గురించి ఆరా తీస్తుంటారు. భారత్‌లో అదే యుద్ధానికి ఇండియా సర్వీస్ మెడల్ ఇచ్చారు. అది దేశంలో మూడేళ్లు సేవ చేసిన భారత సైనిక దళాలవారిని ఉద్దేశించినది. పట్టణ ఫైర్‌మన్ అక్కడి వ్యవస్థకు యుద్ధ భాగస్వామి, ఇక్కడి వ్యవస్థకు మునిసిపల్ ఉద్యోగి.

ఈ విభజనలోని ఇబ్బంది బొంబాయి రేవులో బయటపడుతుంది. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో పత్తి బేళ్లతోపాటు పేలుడు పదార్థాలు మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ నౌక మంటల్లో చిక్కుకుని పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వారి స్మృతిలోనే. నౌకలోని సరుకు యుద్ధానిది, కాలం యుద్ధానిది. కానీ పేలుడు శత్రువు దాడి కాదు, ప్రమాదం. యుద్ధ పతకాల భాషలో ఇటువంటి మరణాన్ని ఎక్కడ నమోదు చేయాలన్నది తేలికైన ప్రశ్న కాదు. దేశం వారికోసం క్యాలెండరులో ఒక వారాన్ని కేటాయించింది. వ్యక్తిగతంగా ఒక కుటుంబం చేతిలో పెట్టగలిగిన వస్తువు వేరే విషయం.

ఏం అడగాలి, ఎవరిని అడగాలి

దరఖాస్తుదారులు తరచూ చేసే పొరపాటు రెండు రకాల పతకాలను కలిపేయడం. యుద్ధకాల సేవకు ఇచ్చేవి అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ చెందుతాయి. అర్హుడు మరణించినా హక్కు నిరూపణ కాగితాలపై ఆధారపడి ఉంటుంది. సాహసానికి ఇచ్చేవి ప్రత్యేక సిఫారసుతో వస్తాయి. 1951 మార్చి 1న ఏర్పాటైన రాష్ట్రపతి పోలీసు, అగ్నిమాపక సేవా పతకం, పౌరులకూ మరణానంతరమూ ఇవ్వగలిగే అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఈ రెండో కోవలోనివి. దశాబ్దాల తర్వాత మనవడు పెట్టే దరఖాస్తుతో సాహస పతకం వస్తుందని ఆశించడం సమంజసం కాదు. అప్పట్లోనే ప్రకటించి ఉంటే మాత్రం గెజిట్‌లో పేరు ఉంటుంది. గెజిట్ వెతకడం సర్వీసు బుక్ వెతకడం కంటే చాలా సులువు.

ఇక రుజువుల సంగతి. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, మరణ ధ్రువపత్రం, బంధుత్వాన్ని చూపే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మొదట చేతిలో ఉండాలి. పెన్షన్ కాగితం మీదే చివరిగా పనిచేసిన కార్యాలయం పేరు ఉంటుంది కనుక వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు. ఆ కార్యాలయం ఇప్పుడు ఎవరి కింద ఉందో కూడా తెలుసుకోవాలి. ఢిల్లీ ఫైర్ సర్వీసునే తీసుకుంటే, అది చాలాకాలం మునిసిపల్ కార్పొరేషన్ కింద ఉండి 1994లో ఢిల్లీ ప్రభుత్వ పరిధిలోకి వచ్చింది. 1971 నాటి ఉద్యోగి కుటుంబం రెండు చోట్లా అడగవలసిందే. సమాచార హక్కు చట్టం కింద కేంద్ర కార్యాలయాలకు రూ. 10 రుసుముతో దరఖాస్తు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. ‘మా తాతగారికి పతకం ఇవ్వండి’ అని రాస్తే అది సమాచారం కోరడం కిందికి రాదు. ఫలానా సంవత్సరంలో ఫలానా స్టేషన్ సిబ్బంది జాబితా ఉందా, ఉంటే నకలు ఇస్తారా అని అడిగితే ఉపయోగం. జాబితా నాశనమైందని జవాబు వచ్చినా ఆ లిఖితపూర్వక సమాధానాన్ని దాచుకోవాలి.

కంటోన్మెంటులోని గోపీనాథ్ బజారు దుకాణాల్లో పతకాల నమూనాలు డబ్బు పెడితే దొరుకుతాయి. వాటిని కొని ఫొటో కింద అమర్చుకోవాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. అసలు పతకం పోగొట్టుకున్న సైనికుడికి అది తాత్కాలికంగా పనికొస్తుందేమో గాని, అర్హతే తేలని వ్యక్తి పేరుతో పెట్టుకుంటే రేపు నిజమైన దరఖాస్తుకు అదే అనుమానాలు తెచ్చిపెట్టవచ్చు.

రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవలను మునిసిపాలిటీల విధుల జాబితాలో చేర్చింది. 2025 మే 7న విధులకు హాజరైన సిబ్బంది వివరాలు ఉండవలసింది ఆయా స్టేషన్ల డ్యూటీ రిజిస్టర్లలోనే. వాటిని ఎన్నేళ్లు భద్రపరచాలన్నది ఆయా రాష్ట్రాలు, సంస్థలు తమ తమ నిబంధనల ప్రకారం నిర్ణయించుకుంటాయి.