దేవుని ఇంట్లో బిడ్డలమా, జీతగాళ్లమా?



మన సిద్దిపేట పల్లెల్లో "సాదుకున్న బిడ్డ" అనే మాట ఉంది. ఆ మాటలో ప్రేమ ఉంటుంది. ఒక్కోసారి ఒక గీత కూడా ఉంటుంది. పండుగకు అందరితో పాటే ఆ బిడ్డకూ కొత్త బట్టలు కుట్టిస్తారు. కానీ భూమి విరాసత్ చేసే రోజు వచ్చేసరికి "వాడు సాదుకున్నోడు గదా" అని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. అన్నం పెట్టడానికి అడ్డురాని మాట భాగం ఇచ్చేటప్పుడు అడ్డువస్తుంది.

దేవుడు మనల్ని తన ఇంటికి తెచ్చుకున్నది అన్నం పెట్టడానికి మాత్రమేనా, భాగం ఇవ్వడానికా? మన సంఘాల్లో తిరిగి జన్మించడం గురించి చాలా బోధిస్తాం. మారుమనస్సు, బాప్తిస్మము, సాక్ష్యము, ఇవన్నీ అవసరమే. అయితే అదే లేఖనం చెప్పే దత్తత గురించి తక్కువగా మాట్లాడతాం. అందుకే ఆత్మలో జన్మించిన వాళ్లు కూడా తండ్రి ఇంట్లో జీతగాళ్లలా బ్రతుకుతున్నారని నా అభిప్రాయం.

ఈ రెండూ ఒకే కృపకు రెండు ముఖాలు. నీకొదేముతో ప్రభువు మాట్లాడింది జన్మ గురించి (యోహాను 3). ఆయన వాడిన గ్రీకు మాటకు "మళ్లీ" అనీ "పైనుండి" అనీ రెండు అర్థాలున్నాయి. నీకొదేము మొదటి అర్థం పట్టుకుని తల్లి గర్భం దగ్గరే ఆగిపోయాడు. ప్రభువు చెప్పింది పైనుండి వచ్చే జీవం. జన్మ మనకు కొత్త స్వభావాన్ని ఇస్తుంది. పౌలు చెప్పే దత్తత మనకు ఇంటిపేరునూ స్వాస్థ్యాన్నీ ఇస్తుంది (రోమా 8:15-17, గలతీ 4:4-7). బిడ్డ పుట్టిన తరువాత "వీడు నావాడు, నాకున్నదానిలో వీడికి భాగముంది" అని తండ్రి నలుగురిలో చెప్పడం లాంటిది అది.

పౌలు ఈ మాట రాసింది ఎవరికో గమనించండి. రోమా పత్రిక సుమారు క్రీ.శ. 57లో రాయబడింది. అప్పుడు సింహాసనం మీద ఉన్నది నీరో. అతడు క్లౌదియ చక్రవర్తి కడుపున పుట్టినవాడు కాడు. క్లౌదియకు బ్రిటానికస్ అనే సొంత కొడుకు ఉండగానే, క్రీ.శ. 50లో నీరోను దత్తత తీసుకున్నాడు. క్రీ.శ. 54లో రాజ్యం నీరోకే వచ్చింది. నీరో ఎంత క్రూరుడో మనకు తెలుసు, అతడు మనకు మాదిరి కాడు. కానీ దత్తత అంటే అరకొర కొడుకుతనం కాదని రోమాలోని విశ్వాసులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. వాళ్లను ఏలుతున్నవాడే దానికి రుజువు.

మన దేశ చట్టంలో కూడా ఈ పాఠం ఉంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. అందుచేత చాలాకాలం, సాధారణంగా, ఒక క్రైస్తవ కుటుంబం అనాథ బిడ్డను తెచ్చుకుంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండేవారు. బిడ్డ పెద్దవాడయ్యాక ఆ సంరక్షణ ముగిసిపోయేది. వీలునామా రాస్తే తప్ప ఆస్తిలో హక్కు రాదు. 2000లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో జరిగిన సవరణ మతంతో సంబంధం లేకుండా దత్తతకు దారి తెరిచాయి. 2014లో సుప్రీంకోర్టు దాన్ని స్పష్టం చేసింది. 2015 చట్టం ప్రకారమైతే దత్తత తీసుకున్న బిడ్డ ఆ తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డతో సమానం, వారసత్వంతో సహా.

సంరక్షకుడికీ తండ్రికీ ఉన్న ఈ తేడానే పౌలు గలతీ 4వ అధ్యాయంలో చూపిస్తాడు. సంరక్షకుల కింద ఉండే కాలం అయిపోయింది, ఇక నువ్వు కుమారుడివి, వారసుడివి అంటాడు. అక్కలారా, చెల్లెలారా, ఇందులో మీకొక శుభవార్త ఉంది. ఆ రోజుల్లో వారసుడంటే ముందుగా గుర్తొచ్చేది కొడుకే. ఆ కొడుకు స్థానాన్నే పౌలు స్త్రీలకూ ఇచ్చేశాడు (గలతీ 3:28-29). దేవుని ఇంట్లో ఆడబిడ్డకు తక్కువ భాగం లేదు.

ఈ మాట మన పల్లెల్లో ఎంత బరువైనదో మన పెద్దలకు తెలుసు. నిజాం కాలంలో వెట్టి చేసిన ఊళ్లు ఇవి. మనం 2016 వరకు మెదక్ జిల్లాలోనే ఉన్నాం. మెదక్‌లోని పెద్ద గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. కరువు రోజుల్లో పాస్నెట్ దొరగారు ఆ గుడి పని కల్పించి ఆకలిగొన్నవారికి తిండి పెట్టారని మనం వింటూ పెరిగాం. రాళ్లు మోసినవారికి కూలి దొరికింది, అది న్యాయమే. కానీ ఆ గుడిలో ప్రకటించబడిన సువార్త కూలి గురించి కాదు. దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషులు అక్కడ దేవుణ్ణి "తండ్రీ" అని పిలిచారు.

మరి మనం ఇంకా కూలి లెక్క ఎందుకు వేస్తున్నాం? లూకా 15లో చిన్న కొడుకు నన్ను కూలివాడిగా పెట్టుకో అని అడగడానికి సిద్ధపడి వచ్చాడు. పెద్దవాడు ఇన్నేళ్లు చాకిరీ చేశానని లెక్క చెప్పాడు. ఇద్దరూ తండ్రి ఇంట్లో జీతగాళ్లలాగే ఆలోచించారు. కొత్తగా నమ్మిన చెల్లి, ఒక ఉపవాసం తప్పినందుకే పిల్లవాడికి జ్వరం వచ్చిందని భయపడుతుంది. అది చిన్న కొడుకు భయం. తాతల కాలం నుండి క్రైస్తవులమని చెప్పుకునే కుటుంబం, నిన్నమొన్న వచ్చినవాళ్లకు కమిటీలో చోటెందుకు అంటుంది. అది పెద్ద కొడుకు లెక్క.

ప్రియులారా, దత్తత ఒక సిద్ధాంతంగా పుస్తకంలో ఉంటే సరిపోదు. ప్రభువును నమ్మినందుకు సొంతవాళ్లు దూరమైన అక్క కూతురికి సంబంధం వస్తే, పెద్దమనుషులుగా కూర్చోవడానికి ఎవరు వెళ్తారు? ఆమె కన్నుమూస్తే పెట్టె మోసేదెవరు? భూస్థాపన ముగిశాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదాకా వంట తెచ్చేదెవరు? తండ్రి ఆమెను బిడ్డ అన్నాడంటే మనల్ని ఆమెకు అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ చేశాడని అర్థం. బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, పెళ్లి సంబంధాల దగ్గర "మనోళ్లేనా?" అని కులం ఆరా తీస్తే, తండ్రి చేసిన దత్తతను మనం కొట్టేసినట్టే.

కాబట్టి ఈ వారం రెండు పనులు చేద్దాం. ప్రార్థనకు మోకరించేటప్పుడు, మన తప్పుల లెక్క కంటే ముందు "అబ్బా, తండ్రీ" అని ఆయనను పిలుద్దాం. పాపాన్ని తేలిక చేసుకోవడానికి కాదు, ఒప్పుకోవడానికి ధైర్యం ఆ పిలుపులోనే ఉంది గనుక. తరువాత, మన సంఘంలో ఒంటరిగా వచ్చి ఒంటరిగా వెళ్లిపోయే ఒక విశ్వాసి ఇంటికి వెళ్దాం. "సంఘానికి రండి" అని చెప్పి తిరిగిరావద్దు. కూర్చుని, వాళ్లు పెట్టింది తిని, కష్టసుఖాలు అడిగి రండి. దేవుని ఇంట్లో సాదుకున్న బిడ్డకూ కన్న బిడ్డకూ తేడా లేదని వాళ్లు ముందుగా చూడవలసింది మనలోనే.

తండ్రి మనల్ని తన పిల్లలుగా నడిపించును గాక. ఆమేన్.