జిడ్డు వదిలించడానికి ఇంజిన్ని చంపాలా?

గ్లో ఇంజిన్ పెట్టిన మోడల్ విమానాలు ఎగరేసేవాళ్ళలో ఒక సలహా అంటువ్యాధిలా తిరుగుతుంటుంది. "రెక్కల నిండా జిడ్డు పడుతోందా? ఇంధనంలో నూనె తగ్గించెయ్, లేదంటే నీడిల్ ఇంకాస్త బిగించెయ్." ఇంతకన్నా తెలివితక్కువ సలహా ఇంకోటి ఉండదు. లాగ్ ఫైలు పెరిగిపోతోందని సర్వరే పీకేసే మహానుభావులు మన ఆఫీసుల్లోనూ ఉన్నారు, ఇదీ ఆ బాపతే.

ముందు లెక్క చూద్దాం. పాత టూ స్ట్రోక్ స్కూటర్లకి పెట్రోల్లో కలిపే నూనె 2 నుంచి 4 శాతం. మామూలు టూ స్ట్రోక్ గ్లో ఇంధనంలో అది 18 నుంచి 20 శాతం! మిగతాదంతా మిథనాల్, కాస్త నైట్రోమీథేన్. ట్యాంకు 300 మిల్లీలీటర్లనుకుంటే అందులో సుమారు 60 మిల్లీలీటర్లు నూనే. పది పదిహేను నిమిషాల్లో దాంట్లో ఎక్కువ భాగం కాలకుండానే సైలెన్సర్లోంచి బయటపడుతుంది. మరి జిడ్డు పట్టదూ?

అంత నూనె ఎందుకయ్యా అంటే, ఈ ఇంజిన్లకి కార్లలోలాగా అడుగున నూనె తొట్టి ఉండదు. ఇంధనంతో పాటు వచ్చిన నూనే బేరింగుల్నీ పిస్టన్నీ తడపాలి, వేడిని బయటికి మోసుకుపోవాలి. మన ఆముదం ఇక్కడ గొప్ప పనిమంతురాలు. ఇంధనం తక్కువై ఇంజిన్ కాగిపోతున్నా ఆముదం పొర అంత తేలిగ్గా విడిచిపెట్టదు. కాకపోతే గోధుమరంగు గట్టి పూతలా అంటుకుంటుంది. సింథటిక్ నూనె సులువుగా తుడుచుకుపోతుంది, కానీ మరీ వేడెక్కితే చేతులెత్తేస్తుంది. అందుకే రెండూ కలిపిన ఇంధనం మేలు. శాతం మాత్రం ఇంజిన్ తయారుచేసినవాడు చెప్పినంత ఉండాల్సిందే.

సంక్రాంతి సెలవులకి అమలాపురమో, రాజోలో, కొత్తపేటో విమానం పట్టుకెళ్ళే వాళ్ళకి ఈ విషయం మరీ ముఖ్యం. అక్కడ మనకి దొరికేది సార్వా కోతలయ్యాక దాళ్వా ఊడ్పులు పడేలోపు ఖాళీగా ఉన్న చేలు. చుట్టూ కొబ్బరి తోటలు, మధ్యలో కాలవలు. నూనె చాలక ఇంజిన్ గాల్లో పట్టేసిందా, విమానం దిగేది కొబ్బరి మొవ్వులోనే. దింపు తీసే ఆయన్ని బతిమాలుకోవాలండి ఆయ్!

సరే, మరి జిడ్డు సంగతేంటి? పుట్టే చోట ఆపడం కాదు, పోయే దారి మార్చాలి. సైలెన్సర్ మూతికి వేడి తట్టుకునే సిలికాన్ గొట్టం తగిలించి, పొగ రెక్కకీ తోకకీ దూరంగా పోయేలా కిందికి తిప్పండి. గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటే సైలెన్సర్లో ఒత్తిడి మారుతుంది. ట్యాంకుకి ఒత్తిడి అందేది అక్కణ్ణుంచే కాబట్టి నీడిల్ మళ్ళీ సరిచూసుకోవాలి. నీడిల్ మరీ ఎక్కువ తెరిచి ఉంటే సరిచేయండి, కాదనను. అయితే గరిష్ఠ వేగం దగ్గర ఆపకుండా, కాస్త ఇంధనం ఎక్కువ వైపే ఉంచండి. బాల్సా చెక్క బయటికి కనిపించే ప్రతిచోటా, ముఖ్యంగా ఇంజిన్ వెనకా ట్యాంకు గదిలోనూ, ఎపాక్సీ పూయండి. నూనె చెక్కలోకి ఇంకిందంటే ఇక ఏ అంటూ నిలవదు. పైన పడ్డదానికి గిన్నెలు తోమే సబ్బునీళ్ళూ, పాత గుడ్డా చాలు.

తుడిచేముందు ఆ జిడ్డు రంగు చూడండి. తేటగా ఉంటే సంతోషం. నల్లగా, బూడిదరంగుగా ఉంటే లోపల లోహం అరుగుతోందేమోనని అనుమానించాలి. జిడ్డు లేకుండా చేసుకుంటే ఈ కబురు మీకెవరు చెప్తారు?

ఇంకోమాట. మిథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. సముద్రం పక్కనున్న కోనసీమలో తేమకేం తక్కువ? ఎగరేయడం అయ్యాక ఇంధనం గొట్టం నొక్కి ఇంజిన్ ఆగేదాకా నడిపి, నాలుగు చుక్కల నూనె వేసి పెట్టండి. లేదంటే బేరింగులు తుప్పే. మిగిలిన ఇంధనం మాత్రం కాలవలో పారబొయ్యకండి. మిథనాల్ విషం. చాలా ఊళ్ళలో మంచినీళ్ళ చెరువు నిండేది ఆ కాలవ నీళ్ళతోనే.

"ఈ గోలంతా ఎందుకు, ఎలక్ట్రిక్ మోటారు కొనుక్కోవచ్చుగా?" అంటారా? భేషుగ్గా కొనుక్కోండి. శుభ్రం, చప్పుడు తక్కువ. కానీ గ్లో ఇంజినే కావాలనుకున్నాక నూనె దగ్గర పిసినారితనం పనికిరాదు. చేతికంటిన జిడ్డు సబ్బుతో పోతుంది. పట్టేసిన పిస్టన్ ఏ సబ్బుతోనూ బాగుపడదు.